మీరు సేకరించిన కుటుంబ చరిత్ర మీ తర్వాత కూడా నిలవాలంటే: మొదటి నుంచి చివరి దాకా చేయాల్సిన పనులు

వంశవృక్షం ఎలా తయారుచేయాలని అడిగేవాళ్లకంటే, తయారుచేసినదాన్ని ఏం చేయాలని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఏళ్ల తరబడి నింపిన నోటు పుస్తకాలు, ట్రంకు పెట్టెలో దస్తావేజులు, ఫోన్‌లో మేనత్త రికార్డింగులు, ఎప్పుడో డబ్బు కట్టి చేరిన వెబ్‌సైట్‌లో ఏడు తరాల చెట్టు. పిల్లల్లో ఒకరు హైదరాబాద్‌లో, ఇంకొకరు డాలస్‌లో. ఎవరికివ్వాలి? ఏ రూపంలో ఇవ్వాలి?

ప్రతి అడుగుకూ ఒకటే కొలత పెట్టుకోండి. ఈ పనితో ఇప్పటిదాకా సంబంధం లేని మీ ఇంటి మనిషి, మిమ్మల్ని ఒక్క మాట కూడా అడక్కుండా, ఫలానా ముత్తవ్వ ఎవరో, ఆమె గురించి మీకు ఎలా తెలిసిందో కనుక్కోగలగాలి. మీరు పక్కన కూర్చుని వివరిస్తే తప్ప అర్థం కాని పరిశోధన మీతోనే పోతుంది. ఎంత గొప్పగా చేసినా అంతే.

1. ముందు ఏమేం ఉన్నాయో రాయండి

స్కానర్ కొనకండి, కొత్త సాఫ్ట్‌వేర్ దించుకోకండి. ఒక నోటు పుస్తకం తీసుకుని ఇల్లంతా తిరగండి. ఏది ఎక్కడుంది, ఎవరి దగ్గరుంది, ఏ స్థితిలో ఉంది అన్న మూడు గడులు చాలు.

చాలామంది కింది వాటిలో సగం మర్చిపోతారు:

- పాత శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు
- జాతకాలు, తద్దినాల తిథులు రాసుకున్న పుస్తకం
- ఎస్సెస్సెల్సీ పుస్తకాలు, సర్వీసు రిజిస్టర్ నకళ్లు, పెన్షన్ కాగితాలు
- దస్తావేజులు, ఈసీలు (ఆస్తి లావాదేవీల పత్రాలు), అడంగళ్లు, పహాణీలు (ఊరి భూముల లెక్కలు), శిస్తు రసీదులు
- చర్చిలో బాప్తిస్మం, పెళ్లి నమోదు పత్రాలు, నిఖానామాలు
- ఇన్లాండ్ లెటర్లు, పోస్టుకార్డులు, మనియార్డర్ రసీదులు
- పెళ్లి వీడియో క్యాసెట్లు, స్టూడియోవాళ్లు ఇచ్చిన సీడీలు
- మీ ఈమెయిల్, వాట్సాప్, పాత ఫోన్లలో ఉండిపోయినవి
- చుట్టాల ఇళ్లలో ఉన్నాయని మీకు తెలిసినవి

చివరిది ముఖ్యం. పెద్దమ్మగారి ఇంట్లో గోడకున్న ఫోటో మీ జాబితాలో ఉండాలి. ఆ ఇంటికి రంగులు వేయించే రోజున అది ఏ పాత సామానుతో కలిసి పోతుందో చెప్పలేం.

2. ఆగనివి ముందు చేయండి

కాగితం ఇంకో ఏడాది ఆగుతుంది. కొన్ని ఆగవు. వాటిని ఈ వరుసలో ముగించండి.

మొదటిది పెద్దవాళ్ల జ్ఞాపకం. ఎనభై దాటినవాళ్లు ఇంట్లో ఉంటే మిగతా పనులన్నీ పక్కన పెట్టి వాళ్ల దగ్గర కూర్చోండి. ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, ఫ్యాన్ తగ్గించి, వాళ్లకు ఒక అడుగు దూరంలో మెత్తటి గుడ్డ మీద ఉంచండి. రికార్డింగ్ మొదట్లో మీ గొంతుతోనే తేదీ, ఊరు, మాట్లాడేవాళ్ల పూర్తి పేరు చెప్పండి. ఫైల్ పేరు పోయినా ఆ వివరం లోపలే ఉంటుంది.

"మీ చిన్నప్పటి సంగతులు చెప్పండి" అంటే రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆల్బమ్ ఒళ్లో పెట్టి "ఈవిడెవరు పిన్నీ?" అని అడిగితే గంట నడుస్తుంది. ఒక విడతలో ముప్పావు గంటకు మించి లాగొద్దు, వాళ్లు అలసిపోతారు.

బంధుత్వాల దగ్గర ఆగి అడగండి. మన ఇళ్లలో పెదనాన్న అంటే నాన్నకు సొంత అన్న కావచ్చు, నాన్న పెదనాన్న కొడుకు కావచ్చు, పెద్దమ్మ భర్త కావచ్చు. "పెదనాన్న అంటే తాతయ్య కొడుకేనా, లేక మీ పెద్దతాత కొడుకా?" అని అక్కడికక్కడే తేల్చుకోండి. తర్వాత రికార్డింగ్ విన్నవాళ్లకు ఆ అవకాశం ఉండదు.

మీ ఊరికి వంశావళి పాడేవాళ్లు వస్తుంటే, అంటే వంశరాజులు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు వంటివాళ్లు వస్తుంటే, అనుమతి అడిగి, తగిన సంభావన ఇచ్చి, వాళ్లు పాడినదంతా రికార్డు చేయండి. వాళ్ల పిల్లల్లో చాలామంది వేరే పనుల్లోకి వెళ్లిపోయారు.

రెండోది క్యాసెట్లు. 1980లు, 90ల నాటి పెళ్లి వీడియోలకు బూజు పడుతుంది, వాటిని ఆడించే మెషిన్లు దొరకడం కష్టమవుతోంది. బూజు పట్టిన క్యాసెట్‌ను ఇంట్లో మెషిన్‌లో పెట్టి చూడొద్దు, టేపూ పోతుంది, మెషినూ పోతుంది. పాత వీడియోలను కంప్యూటర్‌లోకి మార్చిపెట్టే స్టూడియోకి ఇచ్చి శుభ్రం చేయించాకే కాపీ తీయించండి. స్టూడియోవాళ్లు ఇచ్చిన పాత సీడీలు, డీవీడీలు కూడా ఇదే వారంలో హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించండి.

మూడోది పేర్లు లేని ఫోటోలు. మొహాలు గుర్తుపట్టగలిగిన చివరి మనిషి ఉన్నంతవరకే వాటికి విలువ.

3. ప్రతి మనిషికీ ఒక నంబరు ఇవ్వండి

తాత పేరు మనవడికి పెట్టే ఇళ్లలో సుబ్బారాయుడు తరం వదిలి తరం వస్తాడు. ఒకే ఇంటిపేరు, ఒకే ఊరు, ఒకే పేరు. మీకు తేడా తెలుసు, మీ మనవరాలికి తెలియదు. అందుకే మనిషికొక నంబరు: 001, 002, 003. తరాన్ని బట్టి, కొమ్మను బట్టి కోడ్‌లు అల్లాలని చూడకండి. కొత్తగా ఒక అన్నదమ్ముడు బయటపడగానే అవి తలకిందులవుతాయి. దొరికిన వరుసలో నంబరు ఇస్తూ పోండి, ఒకసారి ఇచ్చింది మార్చకండి.

మేనరికాల దగ్గర ఈ నంబరు ప్రాణం. మేనమామను పెళ్లాడిన అమ్మాయి ఒకే చెట్టులో కోడలిగా, మనవరాలిగా రెండు చోట్ల కనిపిస్తుంది. పేరుతోనే నడిపితే ఆమె ఇద్దరు మనుషులైపోతుంది. నంబరు ఒకటే ఉంటే ఇబ్బంది లేదు.

ప్రతి మనిషి పేజీలో ఉండాల్సినవి:

- పూర్తి పేరు, ఇంట్లో పిలిచే పేరు, రికార్డుల్లో ఉన్న పేరు
- తెలుగులో, ఇంగ్లిష్‌లో పేరు రాసే తీరు (పాస్‌పోర్టులో ఉన్నట్టే)
- ఆడవాళ్లకు పుట్టింటి ఇంటిపేరు, పుట్టింటి ఊరు
- దత్తత వెళ్లినవాళ్లకు కన్న ఇల్లు, పెంచిన ఇల్లు రెండూ
- మన పూర్వీకులు మారిషస్‌కో దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కో ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్లైతే, అక్కడి రికార్డులో వాళ్లకు ఇచ్చిన నంబరు

ఆ చివరి నంబరు లేకపోతే ఓడ జాబితాల్లో మనిషిని పట్టుకోవడం చాలా కష్టం. మారిషస్ వలస రికార్డులు అక్కడి మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. అక్కడ వెతుకులాటకు ఆ నంబరే తాళంచెవి.

పుట్టింటి ఇంటిపేరు గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. నేను చూసిన వంశవృక్షాల్లో ఎక్కువ వాటిలో కోడళ్లు "భార్య: లక్ష్మమ్మ" దగ్గర ఆగిపోతారు, కూతుళ్లు పెళ్లితో మాయమవుతారు. అలా రాస్తే మన పూర్వీకుల్లో సగం మంది లెక్కలోకి రానట్టే. ఆ లక్ష్మమ్మగారి అన్నదమ్ముల పిల్లలు పక్క ఊళ్లోనే ఉండి ఉంటారు. ఇప్పుడు అడిగితే దొరికే పేరు ఇంకో పదేళ్లకు దొరకదు.

4. ప్రతి వివరం పక్కనా ఎలా తెలిసిందో రాయండి

"పుట్టింది 1931" అని రాసి వదిలేయకండి. "పుట్టింది 1931, ఎస్సెస్సెల్సీ పుస్తకం ప్రకారం" అని రాయండి. "తాతయ్య గుంటూరులో చదివారు, చెప్పింది చిన్న మేనత్త, 2019 మే" అని రాయండి. అంతకుమించి పెద్ద పద్ధతి అక్కర్లేదు.

రెండు ఆధారాలు పొసగకపోతే ఒకదాన్ని కొట్టేయకండి, రెండూ ఉంచండి. మన దగ్గర ఇది రోజూ ఎదురయ్యేదే. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసిన పుట్టినరోజు ఒకటి, జాతకంలోది ఇంకొకటి. ఒక తరం మొత్తానికి జూన్ 1, జూలై 1 పుట్టినరోజులు ఎందుకు ఎక్కువో అందరికీ తెలుసు. ఉద్యోగం, పెన్షన్ కాగితాల్లో బడి తేదీయే ఉంటుంది కాబట్టి అదీ కావాలి. అసలు తేదీ అనుకునేది పక్కన రాసి, ఏది ఎందుకు నమ్ముతున్నారో ఒక వాక్యం చేర్చండి.

తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. జాతకంలో "రక్తాక్షి నామ సంవత్సరం, మాఘ శుద్ధ పంచమి" అని ఉంటే అది 1924-25 కావచ్చు, 1984-85 కావచ్చు, ఇంకా పాతదైతే 1864-65 కావచ్చు. మనిషి తరాన్ని బట్టి 1924-25 అని తేల్చుకున్నారనుకోండి, అక్కడితో ఆగకండి. ఉగాదితో మొదలైన ఆ ఏడాదిలో మాఘం వచ్చేసరికి ఇంగ్లిష్ సంవత్సరం మారిపోతుంది, కాబట్టి రాయాల్సింది 1925. జాతకంలో వారం, నక్షత్రం కూడా ఉంటాయి. పాత పంచాంగంతో అవి సరిపోయాయో లేదో చూసుకుంటే తేదీ ఖాయమవుతుంది. అసలు తిథిని అలాగే ఉంచి, మీరు లెక్కగట్టిన ఇంగ్లిష్ తేదీ పక్కన రాయండి.

రెవెన్యూ కాగితాల్లో ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఉంటుంది. ఇంగ్లిష్ సంవత్సరం కావాలంటే 590 కలపండి: ఫసలీ 1350 అంటే 1940-41. ఆంధ్ర ప్రాంతంలో ఫసలీ జూలై 1న మొదలయ్యేది, నిజాం రాజ్యంలో అక్టోబరులో. అందుకే ఒకే సంవత్సరం రాయకుండా రెండు సంవత్సరాలూ కలిపి రాయడం మంచిది. తెలంగాణ కుటుంబాలకు 1954-55 నాటి ఖాస్రా పహాణీ, ఆ తర్వాత 1955-58 నాటి చెస్సాలా పహాణీ బాగా పనికొస్తాయి. వాటి నకళ్లుంటే ఏ ఏడాదివో పెన్సిల్‌తో పైన రాయండి.

ఊరి పేరుతోపాటు అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా రెండూ కావాలి. చీరాల 1970 దాకా గుంటూరు జిల్లా, ఆ తర్వాత ప్రకాశం, 2022 నుంచి బాపట్ల. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. తెలంగాణలో పది జిల్లాలు 2016లో 31, 2019లో 33 అయ్యాయి. పాత రికార్డు వెతకాలంటే పాత జిల్లా పేరే కావాలి. నాగార్జున సాగర్, శ్రీశైలం నీళ్లలో మునిగిన ఊళ్లవాళ్లైతే పాత ఊరు, పునరావాసం ఇచ్చిన ఊరు రెండూ రాసి, రెండింటికీ దారి తెలిసేలా చిన్న పటం గీయండి.

5. అసలు కాగితాలను కాపాడండి

లామినేషన్ చేయించకండి. మంచి ఉద్దేశంతోనే చాలామంది చేయిస్తున్నారు. వేడికీ, జిగురుకీ కాగితం లోపలినుంచి పాడవుతుంది, మళ్లీ విడదీయడం కుదరదు. సెల్లోటేపు కూడా వద్దు, కొన్నేళ్లకు పసుపుపచ్చ మరక మిగిల్చి ఊడిపోతుంది.

చేయాల్సింది ఇది:

- పిన్నులు, స్టేపుల్ పిన్నులు, రబ్బరు బ్యాండ్లు తీసేయండి
- మడతలు మెల్లగా విప్పి కాగితాన్ని చదునుగా పెట్టండి
- ఒక్కో కాగితాన్ని ఆమ్లం లేని కాగితపు కవరులో పెట్టండి, పీవీసీ ప్లాస్టిక్ కవర్లు వద్దు
- ఫోటో వెనక మెత్తటి పెన్సిల్‌తో, అంచు దగ్గర, తేలిగ్గా రాయండి. బాల్‌పెన్ వద్దు
- నిగనిగలాడే కొత్తరకం ఫోటోల మీద పెన్సిల్ పడదు, కవరు మీద రాయండి
- పెట్టె నేలకు ఆనకుండా, బయటి గోడకు తగలకుండా ఉంచండి. అటక ఎండాకాలం కాగిపోతుంది, మంచం కింద చెమ్మ చేరుతుంది
- లోపల సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలం ముందు, తర్వాత మార్చండి
- ఏడాదికి రెండుసార్లు తెరిచి చెదలు, వెండిపురుగులు ఉన్నాయేమో చూడండి

జిగురు పేజీల ఆల్బమ్‌లు, పైన పల్చటి ప్లాస్టిక్ పొర ఉండేవి, ఫోటోలకు శత్రువులు. ఫోటో లాగితే చిరుగుతుంది. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే సన్నటి దారం ఉంటుంది కదా, దాన్ని ఫోటో మూల కిందినుంచి దూర్చి, రంపంలా అటూ ఇటూ ఆడిస్తూ మెల్లగా ముందుకు తీసుకెళ్లండి. ఎక్కడైనా బిగుసుకుంటే ఆపేయండి. అలాంటివాటిని పేజీతో సహా ఉన్నచోటే స్కాన్ చేయడమే క్షేమం.

తాళపత్రాలు దొరికితే నీళ్లతో తుడవకండి, కట్ట విప్పి వంచకండి. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని ప్రాచ్య పరిశోధన సంస్థ, చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం వంటి చోట్ల వీటిని చూసుకోవడం తెలిసినవాళ్లుంటారు. ముందు వాళ్లను అడగండి.

ఇంకో జాగ్రత్త. ఆస్తి దస్తావేజుల అసలు కాపీలను చరిత్ర పెట్టెలో ఉంచొద్దు. అవి హక్కుదారు దగ్గరే ఉండాలి. పెట్టెలో స్కాన్ చేసిన ప్రింటు చాలు. భూమి తగాదా వచ్చిన రోజున పెట్టె మొత్తం లాయర్ ఆఫీసుకి పోయి, ఉత్తరాలు, ఫోటోలు కూడా తిరిగి రాకుండా పోయే ప్రమాదం ఉంది.

6. స్కాన్ చేసే పద్ధతి

కాగితాలకు 300 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే లెక్క), ఫోటోలకు 600, పాస్‌పోర్టు సైజు ఫోటోలకు 1200. నలుపు తెలుపు ఫోటోనైనా కలర్‌లోనే స్కాన్ చేయండి, వెలిసిన చోట్లు, సిరా రంగు తెలుస్తాయి. అసలు ఫైల్‌ను నాణ్యత తగ్గని టిఫ్ ఫార్మాట్‌లో దాచి, పంచుకోవడానికి చిన్న సైజు జేపెగ్ కాపీ తీయండి. టిఫ్‌ను ఎప్పుడూ దిద్దకండి. రంగులద్దడం, మొహాలు మెరుగుపరచడం వంటి సరదాలన్నీ కాపీ మీద చేసుకోండి. ఇప్పటి యాప్‌లు మసక మొహాన్ని బాగుచేస్తూ లేని కళ్లూ ముక్కూ కల్పిస్తున్నాయి. ఆ బొమ్మే అసలైనదనుకుని ఇంట్లో చెలామణీ అయితే తాతమ్మ మొహమే మారిపోతుంది.

వెనకవైపు కూడా స్కాన్ చేయండి. స్టూడియో ముద్ర, ఊరి పేరు, ఎవరో రాసిన రెండు ముక్కలు అక్కడే ఉంటాయి.

స్కానర్ లేకపోతే టెన్షన్ పడక్కర్లేదు. కిటికీ దగ్గర, నేరుగా ఎండ పడని వెలుతురులో, ఫోన్‌ను కాగితానికి సమాంతరంగా పట్టుకుని తీసిన ఫోటో కూడా పనికొస్తుంది. చుట్టాల ఇంట్లో "తీసుకెళ్లి రెండ్రోజుల్లో తెస్తాను" అనేకంటే అక్కడే తీసుకోవడం మేలు. కానీ దాన్ని వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది. డాక్యుమెంట్‌గా అటాచ్ చేసి పంపండి.

7. ఫైళ్లు, ఫోల్డర్లు, ఫార్మాట్లు

ఫైల్ పేరు చూడగానే లోపలేముందో తెలియాలి. సంవత్సరం ముందు, తర్వాత మనిషి నంబరు, తర్వాత విషయం: "1962_014_పెళ్లి_శుభలేఖ". సంవత్సరం తెలియకపోతే "1960లు" అని రాయండి, ఖాళీ వదలొద్దు.

ఫోల్డర్లు ఐదారు చాలు: మనుషులు, ఫోటోలు, కాగితాలు, రికార్డింగులు, రాసినవి, "ముందు ఇది చదవండి". ఈ చివరి ఫోల్డర్‌లో ఒకే ఒక పేజీ ఉంటుంది. ఏ ఫోల్డర్‌లో ఏముంది, నంబర్ల పట్టిక ఎక్కడుంది, పని ఎక్కడిదాకా వచ్చింది అన్నది అందులో రాయండి.

తెలుగువాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. పదిహేను ఇరవై ఏళ్ల కిందట డీటీపీ సెంటర్‌లో కంపోజ్ చేయించిన వంశవృక్షం పుస్తకాలు ఎక్కువగా అను ఫాంట్లలో ఉంటాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి, పీడీఎఫ్‌లో పేరు వెతికినా దొరకదు. ఇప్పుడే ఏ కంప్యూటర్‌లోనైనా కనిపించే యూనికోడ్‌లోకి మార్పించి, అసలు పుస్తకంతో పక్కపక్కన పెట్టి చదవండి. మార్పిడిలో ఒత్తులు తారుమారవుతాయి, పేర్లలో ఆ తప్పు ప్రమాదం. డీటీపీవాళ్లు వాడిన పేజీమేకర్ ఫైల్‌ను కూడా పీడీఎఫ్ చేసి ఉంచండి.

వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో చెట్టు పెట్టుకున్నవాళ్లు ఏడాదికి రెండుసార్లు జెడ్‌కామ్ ఫైల్ దించుకోండి. వంశవృక్షాల సాఫ్ట్‌వేర్లన్నీ దాదాపుగా చదవగలిగే ఫార్మాట్ అది. అయితే ఫోటోలు అందులో రావు, వేరేగా దించుకోవాలి. దించాక గ్రాంప్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి తెలుగు పేర్లు సరిగ్గా వచ్చాయో చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్మొద్దు.

8. మూడు కాపీలు, రెండు రకాలు, ఒకటి వేరే ఊళ్లో

కంప్యూటర్‌లో ఒకటి, బయటి హార్డ్‌డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లోనో వేరే ఊళ్లో ఉన్న తమ్ముడి ఇంట్లోనో ఒకటి. కృష్ణా, గోదావరి ఒడ్డు ఊళ్లవాళ్లకూ, తుఫాను వచ్చే తీరం ఊళ్లవాళ్లకూ ఆ మూడో కాపీ తప్పనిసరి.

పెన్‌డ్రైవ్ ఫైళ్లు మోసుకెళ్లడానికే. ఏళ్ల తరబడి వాడకుండా బీరువాలో ఉంచితే అందులోని సమాచారం చెరిగిపోవచ్చు. హార్డ్‌డిస్క్‌ను కూడా ఐదేళ్లకొకసారి కొత్తదానికి మార్చండి. క్లౌడ్‌కు డబ్బు కట్టేది మీ కార్డుతోనే అయితే, ఆ కార్డు ఆగిన రోజున ఏమవుతుందో ఆలోచించండి.

9. ఆన్‌లైన్‌లో ఏది పెట్టాలి, ఏది పెట్టకూడదు

బతికున్నవాళ్ల పుట్టినతేదీ, తల్లి పుట్టింటి ఇంటిపేరు, చిరునామా, ఆధార్ ఉన్న కాగితం ఏదీ బహిరంగంగా పెట్టొద్దు. బ్యాంకులు అడిగే ప్రశ్నలకు జవాబులు అందులోనే ఉంటాయి. బతికున్నవాళ్లకు పేరు, బంధుత్వం చాలు, అదీ వాళ్లను అడిగాకే.

వంశవృక్షాల వెబ్‌సైట్ ఫ్యామిలీసెర్చ్ ఉచితం. కానీ అక్కడ చనిపోయినవాళ్ల పేజీని ఎవరైనా మార్చవచ్చు, బతికున్నవాళ్ల వివరాలు మామూలుగా చేర్చినవాళ్లకే కనిపిస్తాయి. కాబట్టి దాన్ని పంచుకునే చోటుగా వాడండి, మీ అసలు ప్రతి మీ దగ్గరే ఉండనివ్వండి.

ప్రతి ఇంట్లోనూ బయటికి చెప్పని సంగతులుంటాయి: రెండో పెళ్లి, ఇల్లు వదిలి వెళ్లిన కూతురు, దత్తత, ఆత్మహత్య. చించేయకండి, చాటించకండి. వేరే కవరులో పెట్టి, ఎవరి జీవితకాలం తర్వాత తెరవాలో పైన రాసి, సంతకం పెట్టండి. ఆ సంగతి ఎవరికి చెందిందో వాళ్లు బతికుంటే నిర్ణయం వాళ్లదే.

10. చదవగలిగేలా రాసి అచ్చు వేయించండి

నా అభిప్రాయంలో కుటుంబంలో ఎక్కువకాలం నిలిచేది అచ్చు పుస్తకమే. నలభై ఇళ్లలో ఒక్కో ప్రతి ఉంటే ఎన్ని హార్డ్‌డిస్కులు పోయినా పర్వాలేదు.

అంతా పూర్తయ్యాక వేద్దామని ఆగకండి, ఎప్పటికీ పూర్తవదు. ఒక్క కొమ్మను, తాతయ్య, ఆయన తోబుట్టువులు, వాళ్ల పిల్లలు అనుకోండి, అంతవరకే తీసుకుని అరవై పేజీల్లో ముగించండి. మనిషికి ఒక పేజీ: నంబరు, ఫోటో, వివరాలు, ఒకటి రెండు జ్ఞాపకాలు. కింద ఆధారాలు. చివర ఖాళీ పేజీలు నాలుగు వదిలితే చదివినవాళ్లు తమ ఇంటి పేర్లు చేర్చుకుంటారు.

విదేశాల్లో పుట్టిన పిల్లలకు తెలుగు చదవడం రాకపోవచ్చు. ప్రతి పేరూ ఇంగ్లిష్ అక్షరాల్లో కూడా ఇవ్వండి. పెదనాన్న, మేనత్త, వియ్యపురాలు వంటి బంధుత్వాలను ఇంగ్లిష్‌లోకి మార్చకండి, మాట అలాగే ఉంచి ఆ మనిషి ఎవరికి ఏమవుతారో చెట్టులో చూపించండి. అచ్చుకిచ్చే ముందు ఒక ప్రింటు తీసి ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్లకు చదివి వినిపించండి. తప్పులు అక్కడే బయటపడతాయి.

11. ఎవరికి అప్పగిస్తున్నారో తేల్చండి

"పిల్లలు చూసుకుంటారులే" అనుకోవడంతో చాలా పెట్టెలు పాత పేపర్లవాడి దాకా వెళ్లాయి. ఒక మనిషి పేరు, ఆ మనిషి కాకపోతే ఇంకొకరి పేరు కావాలి. సొంత పిల్లలే కానక్కర్లేదు. ఆసక్తి ఉన్న మేనకోడలు, అన్న మనవడు ఎవరైనా సరే. ముందు అడగండి, ఒప్పుకున్నాక వాళ్లను ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి, మీరు నోరు మెదపకుండా, ఫైల్లోంచి ఒక మనిషిని కనుక్కోమనండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ "ముందు ఇది చదవండి" పేజీని దిద్దండి.

అప్పగింత కాగితంలో ఉండాల్సినవి:

- పెట్టె, హార్డ్‌డిస్క్, క్లౌడ్ ఖాతా ఎక్కడున్నాయి
- ఏ వెబ్‌సైట్లలో చెట్టు ఉంది, ఏడాదికి ఎంత కడుతున్నారు
- ఏది ఎవరికి చెందుతుంది, ఎవరికి కాపీ ఇవ్వాలి
- మూసిన కవర్లు ఎన్ని, ఎప్పుడు తెరవాలి
- ఇంకా తేలని ప్రశ్నలు, ఎవరిని అడగాలనుకున్నారు
- ఏది పారేసినా పర్వాలేదు

ఆఖరి గడి నింపడం వారసుడికి మీరు చేసే పెద్ద సాయం. లేకపోతే వాళ్లకు ఏది ముఖ్యమో తెలియక అంతా దాచలేరు, అంతా పారేస్తారు.

పాస్‌వర్డులు ఈ కాగితంలో రాయొద్దు. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అనే ఏర్పాటు ఉంది. మీ ఖాతా మీరు ఎంచుకున్న గడువు, మూడు నెలల నుంచి పద్దెనిమిది నెలల దాకా, వాడకపోతే మీరు చెప్పిన మనుషులకు అందులోని సమాచారం దించుకునే వీలిస్తుంది. రెండేళ్లు వాడని ఖాతాను గూగుల్ తొలగించే అవకాశం ఉంది. ఐఫోన్‌వాళ్లకు, తమ తర్వాత ఖాతా తెరవగల మనిషిని ముందే ఎంచుకునే లెగసీ కాంటాక్ట్ ఉంది.

12. తరచు ఎదురయ్యే చిక్కులు, వాటికి దారులు

చుట్టాలు ఫోటోలు ఇవ్వడం లేదు. తీసుకెళ్లడానికి అడగకండి. వాళ్ల ఇంట్లోనే ఫోన్‌తో తీసి, అదే రోజు వాళ్లకూ పంపండి. ఒక మంచి ప్రింటు ఫ్రేమ్ కట్టించి ఇస్తే, తర్వాతిసారి వాళ్లే ఆల్బమ్ తెచ్చి చూపిస్తారు.

అన్నదమ్ములు పొలం కాగితాలనుకుని అనుమానపడుతున్నారు. సర్వే నంబర్లు, విస్తీర్ణాలు వదిలేసి పేర్లు, ఊరు, సంవత్సరం మాత్రమే రాసుకుంటున్నానని చూపించండి. నిజంగానే అంతవరకే రాయండి.

పాత దస్తావేజు చదవడం రావడం లేదు. గొలుసుకట్టు రాత చదవగలిగిన దస్తావేజు లేఖరులు రిజిస్ట్రార్ ఆఫీసుల దగ్గర ఇంకా ఉన్నారు. నిజాం కాలం కాగితాలు ఉర్దూలోనో ఫారసీలోనో ఉంటాయి, చదివి చెప్పేవాళ్లతో చెప్పించుకుంటూ రికార్డు చేయండి. తర్వాత తీరిగ్గా తెలుగులో రాసుకోవచ్చు. ఆ కాలపు ప్రభుత్వ రికార్డులు కావాలంటే తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్, మద్రాసు ప్రెసిడెన్సీవైతే చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్ చూడాలి.

పుట్టుక, మరణం సర్టిఫికెట్ దొరకడం లేదు. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చి 1970 నుంచి అమలైంది. అంతకుముందు పల్లెల్లో జరిగినవాటికి నమోదు చాలాసార్లు దొరకదు. బడి రిజిస్టర్, సర్వీసు రిజిస్టర్, తద్దినం తిథి వంటి వాటిని ఆధారంగా పెట్టి, "సర్టిఫికెట్ వెతికాం, దొరకలేదు" అని రాసి ఉంచండి. మీ తర్వాతివాళ్లకు మళ్లీ తిరిగే శ్రమ తప్పుతుంది.

వాట్సాప్ గ్రూపులో వచ్చినవి వేలల్లో ఉన్నాయి. నెలకోసారి గ్రూపును ఎక్స్‌పోర్ట్ చేసి, పనికొచ్చేవి మాత్రమే పేరు మార్చి ఫోల్డర్‌లో వేయండి. మిగతావి అలాగే వదిలేయండి.

తీసుకునేవాళ్లు ఎవరూ లేరు. పుస్తకం ప్రతులు ఊరి గ్రంథాలయానికి, జిల్లా కేంద్ర గ్రంథాలయానికి, దగ్గర్లోని విశ్వవిద్యాలయం చరిత్ర శాఖకు ఇవ్వండి. అసలు కాగితాలు ఇచ్చే ముందు ఎలా భద్రపరుస్తారు, ఎవరికి చూపిస్తారు, వద్దనుకుంటే తిరిగి ఇస్తారా అన్నవి రాతపూర్వకంగా అడగండి. రాసివ్వనిచోట కాపీలు మాత్రమే ఇచ్చి, అసలువి ఒప్పుకున్న బంధువు ఇంట్లో పేరు రాసిన పెట్టెలో ఉంచండి.